జమ పద్దు

ఖర్చుల పుస్తకం నాకే అంటగట్టారు,
కోఆపరేటివ్ బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు కూడికలు వేసినవాణ్ణని.
పర్లాకిమిడి నుంచి కోరాపుట్ దాకా
ఎనిమిది సైకిళ్ళం, తొమ్మిది పంపులు.
దాలినాయుడు రెండెందుకు తెచ్చాడో
ఎవరూ అడగలేదు.

మొదటి పేజీ తేలిక.
టీలు ఎనిమిది. మరమరాలు, పచ్చిమిరపకాయలు.
అరటిపళ్ళు అత్తం ఒకటి, బేరమాడింది ఇందుమతి.
కాశీనగరం దాటాక వంశధార పక్కనే వచ్చింది,
నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ,
దానికీ తొందర లేదు, మాకూ లేదు.
తొందరంతా ఎదురుగాలిదే.

గుణుపురంలో నా వెనక చక్రం ఉస్సురంది.
మెకానిక్ కుర్రాడు తెలుగులో విసుక్కుని
ఒడియాలో ప్యాచీలు లెక్కపెట్టి
సవర మాటతో చెల్లెల్ని కేకేసి
నీళ్ళ తొట్టి తెప్పించాడు.
ముంచిన ట్యూబు
ఎక్కడ నొప్పో బుడగలతో చెప్పింది.
గాలి కొట్టడానికి వాడి పంపు మొరాయిస్తే
దాలినాయుడు తనది తీసిచ్చాడు.
"ఎంతివ్వాలి బాబూ?"
"ఎల్లీసి రండి బావూ, తిరిగొచ్చినప్పుడు చూసుకుందుం."
ఈ దారిన మళ్ళీ రామని చెప్పాను.
"అయితే ఏటి?" అన్నాడు
మసి చేతులు నిక్కరుకు తుడుచుకుంటూ.

ఆ రాత్రి బడి వరండాలో
టార్చి పళ్ళ మధ్య పట్టుకుని
ఖాళీగా ఉన్న జమ వైపు
మొదటి పద్దు రాశాను:
ఒక ముల్లు.

తెల్లారి దారంతా ఇప్పపూల వాసన,
తాగకుండానే కాస్త తూలినట్టు తొక్కాం.
మలుపులో మార్తా అనే ముసలామె
నా మోకాళ్ళ వంక చూసి పకపకా నవ్వి
సిలవరు గిన్నెల్లో చోడంబలి పోసింది.
నోటి దాకా తెచ్చామో లేదో, ఆగమని చెయ్యెత్తింది.
కళ్ళు మూసుకుని సవర భాషలో
చాలాసేపు ఎవరితోనో మాట్లాడింది.
గఫార్ తల వంచాడు. నేను చెప్పులు విప్పాను.
మా ఎనిమిదిమంది సంగతీ
మాకంటే ముందు
ఆమే చెప్పేసినట్టుంది పైవాడికి.
అంబలి చల్లారింది.
అంత చల్లనిది నేనెప్పుడూ తాగలేదు.

అన్నీ ఇలాగే జరిగాయని రాస్తే అబద్ధం.
రాయగడలో గది దొరక్క ఒకరినొకరం కరుచుకున్నాం.
ఇందుమతి రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడలేదు.
నాగావళి వంతెన మీద లారీ ఒకటి
నా మోచేతిని గాలితో నాకి పోయింది.
అదీ జమే, ఇప్పుడు ఆలోచిస్తే.

లక్ష్మీపూర్ ఘాటులో నేను దిగిపోయాను.
అరవై రెండేళ్ళ తొడలు రెండూ
మాట్లాడుకుని ఒకేసారి పని మానేశాయి.
అందరికంటే ముందున్న రుక్మాంగద పట్నాయక్
పై మలుపులో, అగ్గిపుల్లంత, కనిపిస్తున్నాడు.
ఆగాడు. సైకిలు తిప్పాడు.
గంటసేపు చెమటోడ్చి కూడబెట్టిన ఎత్తంతా
నాలుగు నిమిషాల్లో ఖర్చుపెట్టి
నా దగ్గరికి జారి వచ్చాడు.
ఏమీ అనలేదు. బెల్లం ముక్క చేతిలో పెట్టి
నాతోపాటు నడిచాడు, సైకిలు తోసుకుంటూ,
వాళ్ళ నాన్న కరణీకం కబుర్లేవో చెబుతూ.
ఎక్కిన కొండనే మళ్ళీ ఎక్కాడు మనిషి, నా కోసం.
ముప్ఫయ్యేళ్ళ బ్యాంకులో
ఇలాంటి డిపాజిట్ నేను చూడలేదు.
ఆ గీత మీద ఏమీ రాయలేక వదిలేశాను.

కోరాపుట్‌లో చలి. లాడ్జి మంచం మీద లెక్క తేల్చాను.
పోగేసింది ఆరువేల నాలుగొందలు,
అయింది ఆరువేల నాలుగొందల పన్నెండు.
పన్నెండు నా జేబులోంచి వేశాను, చెప్పలేదు.
సామాన్లు కట్టేటప్పుడు పంపులు ఎనిమిదే ఉన్నాయి.
"గుణుపురంలో మరిచిపోయాన్లే" అన్నాడు దాలినాయుడు
టైరులో గాలి చూస్తున్నట్టు నటిస్తూ.
"ఖర్చులో రాయనా?" అన్నాను.
"నీకు రాయడం తప్ప పని లేదేటి?" అని
నా చేతిలో కలం లాక్కుని
తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.